ఖాళీ గిన్నెలో సీసం

బస్తా మూతి దగ్గరున్న సరుకును మా బాపు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోడు. చొక్కా చేతిని పైకి మడిచి, చేతిని బస్తా అడుగుదాకా దించి, అక్కడి నుంచి పిడికెడు తీసి వెలుతురులో చూస్తాడు. "మీద మంచిదే ఉంటది బిడ్డా. అమ్మేటోనికి గా మాత్రం తెల్వదా?" అంటాడు. వరంగల్ బజారులో పసుపు, మిరపపొడి, దినుసులు అమ్ముకునే ఇల్లు మాది. అటువంటి ఇంట్లో పుట్టినవాళ్ళకు అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో దుకాణంలో కూర్చుంటాను. చదువు వల్ల నా అనుమానం ఏమీ తగ్గలేదు. కొంచెం ఇంగ్లీషు నేర్చుకుంది, అంతే.

ఈ సంగతి మొదలైంది బతుకమ్మ రోజుల్లో. గౌరమ్మను పసుపుముద్దతో చేస్తారు కాబట్టి అప్పుడు మా గల్లీలో కాలు పెట్టే సందుండదు. ఆ రద్దీలో ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ వచ్చారు. పెద్ద చదువులు చదువుతున్నవాళ్ళలాగే ఉన్నారు. చిన్న పొట్లం పసుపు అడిగారు. వాసన చూడలేదు, వేలికి రాసుకోలేదు, ధర కూడా సరిగ్గా వినలేదు. కొనుక్కుని పక్క దుకాణానికి పోయి అక్కడా అంతే పొట్లం అడిగారు. తర్వాత దాని పక్క దుకాణం. బాపు తూకం వేస్తూనే వాళ్ళను ఓ కంట కనిపెట్టాడు.

"బేరం ఆడనోడు కొననీకి రాలె బిడ్డా" అన్నాడు. "వీళ్లు దేన్నో చూడనీకి వచ్చిండ్రు."

నాకూ అదే అనిపించింది. ప్యాకెట్లలో పసుపు అమ్మే పెద్ద కంపెనీ ఏదో మా గల్లీ మీద కన్నేసి, పిల్లలను పంపి కూపీ లాగుతోందని అనుకున్నాను. వెంటబడి అడుగుదామంటే జనం సందులో వాళ్ళు కనిపించలేదు.

దసరా వచ్చింది, పోయింది. జమ్మి ఆకు చేతుల్లో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చిపుచ్చుకున్నాం. పండుగ సంగతి మర్చిపోయే వేళకు బజారులో అందరి ఫోన్లలోకీ ఒక పట్టిక వచ్చి పడింది. మా ఊరి దగ్గరే ఉన్న ఒక పరిశోధనశాల వాళ్ళు చేసింది. ఆ రోజు పొట్లాలు కొన్న పిల్లలు అక్కడివాళ్ళేనని అప్పుడు అర్థమైంది. వరంగల్ బజారులో అమ్మే పసుపులో సీసం ఉందట. పరకాల, కేసముద్రం, నెక్కొండల్లో కొన్న పసుపులో లేదట. దుకాణాల పేర్లు రాయకుండా అంకెలు వేశారు. పేర్లు దాచి మర్యాద చేశామని వాళ్ళ లెక్క కాబోలు. గల్లీ వరసలోనే అంకెలు వేస్తూ పోతే దాచినట్టెలా అవుతుంది? గల్లీ మొదట్లో ఉండే దుకాణం మాది. పట్టికలో ఒకటో అంకె పక్కన అన్నిటికంటే ఎక్కువ సీసం ఉంది.

పసుపులో సీసం ఎలా వస్తుందో నాకు తెలుసు. క్లాసులో పిల్లలకు నేనే చెప్పాను. కొమ్ములు వెలిసిపోయి ఉంటే, వాటికి మెరుపు రావడానికి కొందరు ఒక పచ్చరంగు పట్టిస్తారు. చూడ్డానికి బంగారంలా ఉంటుంది. ఆ రంగులో సీసం ఉంటుంది. అది చిన్నపిల్లల మెదడును తినేస్తుంది. ఆ పాఠం చెప్పేటప్పుడు "ఇట్లాంటివాళ్ళను ఏం చేయాలి?" అని పిల్లలను అడిగి, వాళ్ళు చెప్పే శిక్షలు విని నవ్వేదాన్ని.

పట్టిక వచ్చిన మర్నాటి నుంచే దుకాణం ముందు తేడా తెలిసింది. ఏళ్ళ తరబడి మా దగ్గరే కొనే ఒకామె, కూతురు నెలలు నిండి పురిటికి వచ్చి ఉంది, రెండు రోజుల కింద కొన్న పసుపు పొట్లం తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది. "అన్నా, ఏమనుకోకు. పిల్ల కడుపుతోటి ఉన్నది" అంది. బాపు పొట్లం వెనక్కి తీసుకున్నాడు. ఆమె వెళ్ళాక దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన అలా ఊరకే కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

పక్క దుకాణం ఆయనను నేను చిన్నాన్న వరసలో కాక అని పిలుస్తాను, ఆయన ఊరుకునే మనిషి కాదు. "అన్నా, గీ పరీక్షల ఎనుక ఎవలో ఉన్నరు. ఊకెనే ఎవలు చేస్తరు? మనల్ని ముంచి ప్యాకెట్లోళ్లకు రాస్తా తీస్తాండ్రు" అన్నాడు. నేనూ తలూపాను. కానీ లోపల ఇంకొకటి మొదలైంది. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్ళే కదా అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వస్తూ గల్లీ అవతల ఆగాను. దుకాణం ముందు వరసలో ఉండే ఒక పసుపు బస్తాను బాపు హమాలీ చేత లోపలి గోదాంలోకి మోయిస్తున్నాడు. మోయించి, దాని మీద ఖాళీ గోనెసంచులు తనే కప్పాడు. నన్ను చూసి, నేను ఏమీ అడగకుండానే, "మన సరుకు సంగతి నాకెరుకే. ఫికర్ జెయ్యకు" అన్నాడు. అన్నది నాతోనే కానీ చూపు మాత్రం త్రాసు మీద ఉంది.

అడగాలనుకున్నాను. అడగలేదు.

ఇంటికి వచ్చాక వంటింట్లో పసుపు డబ్బా కనిపించింది. రోజూ కనిపించేదే. మా ఇంట్లో దుకాణం పసుపు వాడం. నెక్కొండలో ఉండే మా మేనమామ ఏటా తెచ్చి ఇస్తాడు. ఆడబిడ్డకు పుట్టింటి పసుపుకుంకుమలు అన్న ఆచారం ఉన్నదే కదా, అమ్మ దాన్ని వంటకు కూడా పాటిస్తుంది. ఇన్నేళ్ళూ అది నాకు ముచ్చటగానే ఉండేది. ఆ సాయంత్రం మాత్రం ఆ డబ్బా మూత తీసి చూస్తూ నిలబడ్డాను. పసుపు అమ్మే మనిషి తన పసుపు తినడు. ఆచారం వల్ల తినడా, లేక తినకూడదని తెలుసు కాబట్టి ఆచారం అడ్డం పెట్టుకున్నాడా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే పీట వేసుకుని కూర్చుంటుంది. ఆ పూట పప్పులో పచ్చదనం చూస్తూ ముద్ద దిగక నేను సతమతమవుతుంటే, అమ్మ "ఏందే, ఉప్పు ఎక్కువైందా?" అంది.

ఇక ఉండబట్టలేక పరిశోధనశాలకు వెళ్ళాను. దాని గేటు దగ్గర ఒక బోర్డు ఉంది: ఇక్కడి పరికరాలు అందరికీ అందుబాటులో ఉంటాయని. ప్రజల సొమ్ముతో కొన్న యంత్రాలు, ఏ కాలేజీవాళ్ళయినా వచ్చి వాడుకోవచ్చని. ఆ బోర్డును నేను ఎన్నడూ నమ్మలేదు. అంతకు ముందు ఒకసారి మా పిల్లల ప్రాజెక్టు కోసం అడిగితే యంత్రం రిపేర్లో ఉందన్నారు. అందరిదీ అంటే ఎవరిదీ కాదనీ, దాని తాళంచెవి ఉన్నవాడిదే అనీ అప్పుడే తీర్మానించుకున్నాను.

పసుపు పని చేయించిన ప్రొఫెసర్ తన గదిలోనే ఉన్నాడు. జుట్టు తెల్లబడిన మనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు. కానీ మొదటి ప్రశ్న "మీరు ఎవరి తరఫున వచ్చారు మేడం?" అని.

"నా తరఫునే సార్. ఒకటో నంబరు దుకాణం మాది."

ఆయన మొహం తలుపు వేసినట్టయింది. "నంబర్లు మేము ఎవరికీ చెప్పలేదే."

"మీరు చెప్పే పని లేదు సార్. మా గల్లీల ఒక్కసారి నడిచినోళ్లకు ఎవలకైనా తెలుస్తది."

అసలు కొలతలు చూపించమన్నాను. పట్టిక కాదు, యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టు. ఎందుకన్నాడు. చూడ్డానికన్నాను. కేసు వేస్తారా అన్నాడు. చూశాక చెబుతానన్నాను. ఇద్దరం ఒకరినొకరం బస్తాలను చూసినట్టు చూసుకున్నాం. చివరికి ఆయన విసుగ్గా, "ప్రభుత్వ ప్రాజెక్టు మేడం. డేటా అంతా ఓపెన్‌గా పెట్టాలని రూలు. నెట్‌లో పెట్టేశాం. ఎవరైనా దింపుకోవచ్చు. వెళ్ళి చూసుకోండి" అన్నాడు. చూసేవాళ్ళు ఎవరూ ఉండరులే అన్న ధీమా ఆ గొంతులో వినిపించింది.

నిజంగానే ఉంది. ఎవరి అనుమతీ అడగలేదు, పేరు కూడా అడగలేదు. దింపుకుంటే ఫైళ్ళు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటి పేర్లు చూస్తే అక్షరాలూ అంకెలూ కలగలిపి ఎవరో పిడికెడు విసిరినట్టున్నాయి. కావాలనే అర్థం కాకుండా పెట్టారనుకున్నాను. అందరి ముందూ పెట్టినంత మాత్రాన చూపించినట్టు కాదు. మా బజారులో నాసిరకం సరుకును కూడా అందరి ముందే పెడతారు, కాకపోతే నీడలో పెడతారు. అయినా పట్టు వదల్లేదు. అడుగున ఒక చిన్న ఫైలు ఉంది. ఏ పేరు దేనిదో అందులో ఓపిగ్గా రాశారు. బహుశా ఆ పొట్లాలు కొన్న అమ్మాయి రాసి ఉంటుంది. ఆ ఓపిక చూసి నా అనుమానం కొంచెం తికమకపడింది. దాచేవాళ్ళు ఇంత శ్రద్ధగా రాసిపెట్టరు.

ప్రతి కొలత పక్కన అది తీసిన తేదీ, సమయం ఉన్నాయి. దుకాణాల వరసను పక్కనబెట్టి, అన్నిటినీ కొలిచిన వేళల ప్రకారం పేర్చాను. పరకాల, కేసముద్రం, నెక్కొండ పసుపులన్నీ దసరాకు ముందు కొలిచారు. వాటిలో ఏమీ లేదు. బజారు పసుపులన్నీ దసరా తర్వాత ల్యాబు తెరిచిన మొదటి రోజున కొలిచారు. ఆ రోజు మొదట పెట్టింది మా పసుపు. అన్నిటికంటే ఎక్కువ. తర్వాత కాకది. కొంచెం తక్కువ. దాని తర్వాతది ఇంకొంచెం తక్కువ. అలా గల్లీ లోపలికి పోయినకొద్దీ తగ్గుతూ తగ్గుతూ, చివరి దుకాణాల దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఏమీ లేదు.

గల్లీలో నడుచుకుంటూ పోతే సీసం తరిగిపోతుందా? మొదట ఎవరో కూర్చుని అంకెలు అల్లారనే అనుకున్నాను. నిజం ఎప్పుడూ ఇంత పద్ధతిగా ఉండదు. మళ్ళీ పై నుంచి చూస్తూ వచ్చాను. రోజూ పని మొదలుపెట్టే ముందు వాళ్ళు ఒక ఖాళీ గిన్నెను యంత్రంలో పెట్టి కొలుస్తారు. యంత్రం శుభ్రంగా ఉందో లేదో తెలియడానికి. అందులో ఏమన్నా కనిపిస్తే మిగతా కొలతల్లోంచి దాన్ని తీసేస్తారు. గిన్నెలో ఏమీ లేదు కాబట్టి ఏమీ కనిపించకూడదు. ఆ రోజు పొద్దున ఖాళీ గిన్నెలో మా పసుపులో కంటే ఎక్కువ సీసం కనిపించింది. కొలిచారు, ఫైలులో పెట్టారు, దాని మొహం మాత్రం ఎవరూ చూడలేదు. పట్టిక చేసేటప్పుడు పండుగకు ముందరి ఖాళీ గిన్నె కొలతనే అన్నిటికీ వాడేసుకున్నారు.

ఖాళీ గిన్నెలోకి సీసం ఎక్కడి నుంచి వచ్చింది? గోడ మీది క్యాలెండరు వంక చూశాను. దసరా ఎర్ర అంకెలో ఉంది. అప్పుడు మా త్రాసు గుర్తుకొచ్చింది.

దసరా నాడు మేము త్రాసుకు పూజ చేస్తాం. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూలు చుడతాం. కానీ బొట్టు పైనున్న కాడకే పెడతాం. పళ్ళేనికి పెట్టం. మా గల్లీలో ఎవరూ పెట్టరు. చిన్నప్పుడు నేను ముచ్చటపడి పళ్ళేనికి బొట్టు పెడితే, పండుగపూట అని కూడా చూడకుండా బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "పళ్లెం మీద ఏదున్నా తూకంల కలుస్తది. దేవుని పేరు మీద అయినా దొంగ తూకం దొంగ తూకమే" అని తడిగుడ్డతో తుడిచి, ఖాళీ పళ్ళేలు రెండూ సమంగా నిలిచేదాకా చూసి గానీ వదల్లేదు. పరిశోధనశాలవాళ్ళు కూడా మనవాళ్ళే. యంత్రానికి ఆయుధ పూజ చేయకుండా ఉంటారా?

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను. మీ యంత్రం ఒక్కసారి చూస్తానన్నాను. ప్రొఫెసర్‌కు ఇష్టం లేదు, కానీ గేటు దగ్గర బోర్డు ఉంది కదా. ఆ మాటే అన్నాను. అద్దాల గదిలో తెల్లగా, పెద్ద బియ్యపు పెట్టె అంత ఉంది యంత్రం. పైమూత మీద ఎండిన బంతిపూల దండ. దాని కింద నారింజరంగు సిందూరంతో పెద్ద బొట్టు. గిన్నెలు పెట్టే అర అంచు మీద ఇంకొకటి, సగం చెరిగింది. నేను మాట్లాడక ముందే ఫోను తీసి ఫొటోలు తీసుకున్నాను. చెప్పాక తుడిచేసి, అక్కడ ఏమీ లేదంటారని నా భయం. వర్తకుడి బిడ్డను, సాక్ష్యం చేతిలో పడ్డాకే నోరు విప్పుతాను.

"పూజ ఎవరు చేసిండ్రు సార్?"

"అందరం చేశాం. అది కూడా తప్పేనా?" ఆయన గొంతు లేచింది.

"పూజ తప్పు గాదు. బొట్టు పెట్టిన జాగ తప్పు."

నేను వేళల ప్రకారం పేర్చిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఖాళీ గిన్నె కొలత కింద గీత గీసి ఉంది. ఆయన నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివాడు. లేచి వెళ్ళి అర బయటికి లాగి, గిన్నె కూర్చునే గాడిలో, గిన్నె తగలని మూలన వేలు పెట్టి తీశాడు. వేలికి నారింజరంగు అంటింది. గుడి దగ్గర అమ్మే సిందూరాల్లో కొన్నిటికి సీసం ఉన్న రంగు వాడతారని ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. ఆ బొట్టునే కొంచెం గీకి గిన్నెలో వేసి యంత్రంలో పెట్టాడు. తెర మీద సీసం గీత పైకి లేచి, పై అంచు దాటిపోయింది. దసరా తర్వాత మొదటి గిన్నెలకు గాడిలోని పొడి ఎక్కువగా అంటుకుంది. ఒక్కొక్క గిన్నె కొంచెం కొంచెం తుడుచుకుపోతూ వచ్చింది. మేము గల్లీ మొదట ఉన్నందుకు మా వంతుకు ఎక్కువ వచ్చింది, అంతే.

ఆయన యంత్రం ఆపి అన్నాడు. "ఇది ఒప్పుకుంటే నా పేరు పోతుంది మేడం."

"ఒప్పుకోకుంటే మా బాపు పేరు పోతది సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "యంత్రం శుభ్రం చేయించి మళ్ళీ కొలుద్దాం. అప్పటి పొట్లాల్లో మిగిలిన పసుపు భద్రంగానే ఉంది. కొత్తవి మీరు తేవాలనుకుంటే తెండి. కానీ ఒక మాట. ఈసారి ఏది వచ్చినా నెట్‌లో పెడతాను. మీకు నచ్చినా, నచ్చకపోయినా."

"పెట్టుండ్రి" అన్నాను. అంత ధైర్యంగా అన్నానే గానీ నా భయం నాకుంది. ఎందుకంటే యంత్రం తప్పు చేసిందని తేలింది కానీ, బాపు తప్పు చేయలేదని ఇంకా తేలలేదు. గోదాంలో గోనెసంచుల కింద ఆ బస్తా అలాగే ఉంది.

బాపు భోజనానికి వెళ్ళినప్పుడు గోదాంలోకి పోయాను. సంచులు తప్పించి, మడవడానికి చొక్కా చెయ్యి లేదు కాబట్టి గాజులు పైకి తోసుకుని, చేతిని అడుగుదాకా దించి పిడికెడు తీశాను. అమ్మ పూజలో ఉన్నప్పుడు వంటింటి డబ్బాలోంచి రెండు చెంచాలు తీశాను. నా ఇంట్లోనే నేను పిల్లిలా నడిచాను. పరిశోధనశాలలో ప్రతి పొట్లానికీ అది ఎక్కడిదో రాయాలన్నారు. ఎక్కడిదో రాయని సరుకును కొలిచినా కొలవకపోయినా ఒకటేనని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. అందుకని ఉన్నదున్నట్టు రాశాను. ఒకదాని మీద "గోదాంలో బస్తా". ఇంకొకదాని మీద "అమ్మేవారి ఇంటి వంటింటి డబ్బా". ఆ రాతలు కూడా అందరి ముందుకూ వెళతాయని అప్పుడు నాకు తట్టలేదు.

ఫలితాలు వచ్చేదాకా బాపుతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆయన అన్నం కలుపుకుంటుంటే ఆ వేళ్ళను చూసేదాన్ని. గోళ్ళలో ఎప్పుడూ ఉండే పచ్చదనం. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకునే బడికి వెళ్ళాను. ఇప్పుడు ఆ పచ్చ ఎక్కడిదా అని ఆరా తీస్తున్నాను. నా మీద నాకు అసహ్యం వేసేది, అయినా చూపు అటే పోయేది.

చివరికి ఫలితాలు వచ్చాయి. ప్రొఫెసర్ మాట తప్పలేదు. పాత పట్టిక తప్పని, యంత్రం మీద పూజకు వాడిన సిందూరం వల్ల అలా జరిగిందని, ఖాళీ గిన్నె కొలతను తాము చూడలేదని తన పేరుతోనే రాసి, కొత్త కొలతలన్నీ కింద పెట్టాడు. దాచేస్తాడనే ఆఖరి దాకా నమ్మాను. ఆ ఒక్క విషయంలో నా అనుమానం ఓడిపోయింది. గల్లీ మొత్తం మీద ఒక్క అంకె దగ్గర మాత్రం సీసం నిజంగానే మిగిలింది. ఆ దుకాణం ఎవరిదో నేను చెప్పను. వాళ్ళు సరుకు తెచ్చే చోటు మార్చుకున్నారని మాత్రం విన్నాను. మాది శుభ్రం. గోదాం బస్తా, వంటింటి డబ్బా కూడా శుభ్రం. కాలేజీలో స్టాఫ్ రూములో కూర్చుని అది చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. దుమ్ము పడిందని చెప్పాను.

సాయంత్రం దుకాణానికి పోయేసరికి అక్కడ జాతరలా ఉంది. కాక ఫోను పట్టుకుని గట్టిగా చదువుతున్నాడు. గల్లీ దుకాణాలవాళ్ళు, కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. పొట్లం వాపసు ఇచ్చినామె కూడా ఉంది. బాపు తూకం వేస్తూనే చెవి అటు పెట్టాడు.

"ఒకటో నంబరు, ఏం లేదు! రెండు, మనది, ఏం లేదు!" కాక వేలితో కిందికి జరుపుకుంటూ పోతున్నాడు. "గిదేందన్నా, గోదాంల బస్తా అట. గది గూడ ఏం లేదు. గీ ఆఖరుది... అమ్మేవారి ఇంటి వంటింటి డబ్బా అట." ఆగాడు. "ఎవల ఇంటిది గిది? ఇంట్ల తినేదాన్ని ఎవలు పంపిండ్రు?"

అందరి తలలూ బాపు వైపు తిరిగాయి. వర్తకులకు విడమర్చి చెప్పాలా? అమ్మేదాన్నీ తినేదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారంటే, చూసినవాళ్ళు ఎవరిని అనుమానించారో అందరికీ తెలుసు. గోదాం ఉన్నదీ, డబ్బా వేరేగా ఉన్నదీ ఎవరి ఇంట్లోనో కూడా వాళ్ళకు తెలుసు. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను.

బాపు పళ్ళెంలో పోస్తున్న పసుపు ఆపలేదు. తూకం సరిపోయాక పొట్లం కట్టి, దారం చుట్టి, అప్పుడు తలెత్తాడు.

"నేనే పంపిన" అన్నాడు. "అమ్మేది ఒకటి, తినేది ఒకటి అని రేపు ఎవలన్నా అంటే? రెండూ చూపెట్టాలె గద."

"గదీ, అన్నంటే!" అని కాక తొడ చరిచాడు. పొట్లం వాపసు ఇచ్చినామె ముందుకు వచ్చి మళ్ళీ పసుపు అడిగింది. తన వంటింటి డబ్బాను కూడా పరీక్షకు పెట్టిన మనిషి అని దుకాణాలు మూసే వేళకు బజారంతా చెప్పుకున్నారు. నా దొంగతనం ఆయన నిజాయితీ అయి కూర్చుంది. ఆ పొగడ్తలు వింటూ నేను పొట్లాలు కడుతున్నాను, ముళ్ళు సరిగ్గా పడటం లేదు.

జనం పలచబడ్డాక షట్టరు సగం దించాడు. త్రాసు పళ్ళేలు తుడిచి బోర్లించాడు. "బాపూ, అది నేను..." అన్నాను.

"అందరికి కనపడేటట్టు పెట్టిండ్రు గదనే" అన్నాడు. "నాకు కనపడదనుకున్నవా?"

నేను మిగిలిన దారాన్ని ఉండ చుట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "గా బస్తా కొత్త సేటు దగ్గర తెచ్చింది. గా పట్టిక వచ్చిననాడే నాకు వాని మీద అనుమానం కొట్టింది. అడుగుదాంక చెయ్యి పెట్టి చూసిన. సీసం చేతికి తెలుస్తదా? అమ్ముడు బందు పెట్టి లోపలేసిన. ఇన్నాళ్లు తెల్వక విషమే అమ్మిన్నేమో అని నాకు అన్నం సయించలె. నీకు చెప్దామంటే, సదువుకున్న బిడ్డవు, నన్నెట్ల చూస్తవో అని నోరు రాలె."

ఆయన భయపడిన చూపునే నేను అన్ని రోజులూ చూశానని ఎలా చెప్పను?

"తప్పు జేసినవంట లేను. అడుగుదాంక చెయ్యి పెట్టాలని నేనే నేర్పిన" అని తాళంచెవులు జేబులోంచి తీశాడు. "గని బిడ్డా, బస్తాకు నోరు లేదు, అందుకని చెయ్యి పెడతం. నాకు నోరున్నది గద. నన్నడగకపోతివి?"

షట్టరు రెండో సగం నేనే కిందికి లాగాను. ఆయన వంగి తాళం వేశాడు.